పేరు చెడకుండ పొరుగు యంత్రమునకు చేరు విధము

పెండ్లిపందిరిని ఒక ఊరినుండి వేఱొక ఊరికి చేర్చువారు దానిని నిలువుగా మోసికొని పోరు. గుంజలు, వాసములు, తాటాకులు వేఱుచేసి, ఒక క్రమమున బండి కెక్కింతురు. అచ్చటికి చేరిన పిమ్మట అదే క్రమము ననుసరించి మరల నిలుపుదురు. క్రమము తెలియనివాఁడు దింపుకొన్నచో సామగ్రి యంతయు చేరినను పందిరి నిలువదు. కంప్యూటరు మెమరీలో నున్న సమాచారమును మఱియొక కంప్యూటరునకు పంపునపుడును, డిస్కుమీఁద వ్రాసి దాఁచునపుడును జరుగు పని యిదియే. దీనికి ఆంగ్లమున సీరియలైజేషన్ అని పేరు. మేము దీనిని ఈ వ్యాసమున ‘వరుసబెట్టుట’ అని వ్యవహరింతుము. వచ్చిన వరుసనుండి మరల వస్తువును నిర్మించుటను ‘తిరిగి కూర్చుట’ అందుము.

ఈ విషయము ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినదని మా విద్యార్థులు తలంపరాదు. పాఠశాలలో చేరిననాఁడు వ్రాసిన పేరు పరీక్షాశాఖకు పోవును. అచ్చటినుండి మార్కుల పత్రమునకును, బ్యాంకు ఖాతాకును, ఉపకారవేతనపు జాబితాకును పోవును. ప్రతి మజిలీయందును ఒక ప్రోగ్రాము ఆ పేరును వరుసబెట్టుచున్నది. వేఱొక ప్రోగ్రాము తిరిగి కూర్చుచున్నది. ఇందులో ఏ యొక్కటి పొరపడినను పేరు నడుమ తెగును, లేదా ప్రశ్నార్థక చిహ్నముల గుంపుగా మాఱును. అన్యభాషా రాష్ట్రములలో తెలుఁగున చదువుకొను బాలబాలికలకు తమ పేరు తమ లిపిలో నిలుచుట చిన్న సంగతి కాదు. కావున ఆ పని సరిగా నెట్లు చేయవలెనో తెలిసికొందము.

మెమరీని ఉన్నదున్నట్లు పంపరాదా?

కంప్యూటరు మెమరీ యనఁగా బైట్ల వరుస. ఒక్కొక్క బైటులో 0 మొదలు 255 వఱకు ఏదేని ఒక సంఖ్య యుండును. విద్యార్థి వివరములు అప్పటికే బైట్లుగా నున్నవి గదా, వానినే నకలు తీసి పంపిన చాలదా యని అడుగవచ్చును. చాలదు. అందుకు మూఁడు కారణములు గలవు.

మొదటిది. రస్ట్ అను భాషలో విద్యార్థి పేరును ‘స్ట్రింగ్’ అను రకముగా ఉంచుదుము. 64 బిట్ల యంత్రములో ఆ స్ట్రింగ్ 24 బైట్లు ఆక్రమించును. కాని యా 24 బైట్లలో పేరు ఉండదు! అక్షరములు మెమరీలో ఏ చోటనున్నవో తెలుపు చిరునామా యొకటి, కేటాయించిన స్థలమెంత, వాడిన స్థలమెంత యను రెండు సంఖ్యలు — ఇవి మాత్రమే యుండును. అక్షరములు వేఱొక చోట నుండును. కావున వానిని నకలు తీసి పంపుట, ఇంటికి బదులు ఇంటి నంబరును పంపుటవంటిది. ఆ నంబరు గల ఇల్లు పొరుగూరిలో వేఱొకరిది.

రెండవది. ఒక వస్తువులోని భాగములను మెమరీలో ఏ క్రమమున అమర్చవలెనో, నడుమ ఎంత ఖాళీ విడువవలెనో కంపైలరు తన వసతినిబట్టి నిర్ణయించును. రస్ట్ భాష ఈ క్రమము ఎల్లపుడు ఒక్కటిగా నుండునని మాట యీయదు.

మూఁడవది. పెద్ద సంఖ్యను వ్రాయు తీరు యంత్రమునకును యంత్రమునకును భేదింపవచ్చును. దీనిని కొంత వివరింపవలెను.

ముందు ఒకట్లా, ముందు వందలా?

300 అను సంఖ్య ఒక బైటులో పట్టదు. రెండు బైట్లు కావలెను. 300 అనఁగా 256 ఒక మారు, మిగిలినది 44. ఈ రెంటిని ‘1, 44’ అని వ్రాయుట యొక పద్ధతి. ‘44, 1’ అని చిన్న భాగమును ముందుంచి వ్రాయుట రెండవ పద్ధతి. ఇంటెల్ వారి ప్రాసెసర్లు రెండవ పద్ధతిని పాటించును. ఇంటర్నెట్ నియమములలో మొదటి పద్ధతి వాడుకలో నున్నది. ఒకరు ‘44, 1’ అని వ్రాసి పంపఁగా రెండవవారు పెద్ద భాగము ముందున్నదని చదివినచో 44 ను 256 చే గుణించి 1 కలుపుదురు; 300 కాస్త 11,265 అగును.

1980లో డానీ కోహెన్ అను శాస్త్రజ్ఞుఁడు ఈ వివాదమునకు స్విఫ్ట్ మహాశయుని గలివర్ కథలో గుడ్డును ఏ కొసనుండి పగులఁగొట్టవలె నని పోరాడిన వారి పేర్లనే పెట్టెను. మనకీ భేదము క్రొత్త కాదు. తెలుఁగున ‘ఇరువది యొకటి’ యని పదులను ముందు చెప్పుదుము. సంస్కృతమున ‘ఏకవింశతి’ యని ఒకట్లను ముందు చెప్పుదురు. శాసనములలోను కావ్యములలోను సంవత్సరములను తెలుపు భూతసంఖ్యలును ఒకట్ల స్థానమునుండియే మొదలగును. ‘చంద్ర నేత్ర’ మన్నచో 12 కాదు, 21. ఏ పద్ధతి మేలు అను వాదముకంటె, ఇరుపక్షములవారును ముందుగా ఒక పద్ధతికి ఒప్పుకొనుటయే ముఖ్యము.

రస్ట్ భాష

యంత్రపు మెమరీతో నేరుగా వ్యవహరించుచు, ఆపరేటింగ్ సిస్టములు, బ్రౌజర్లు, చిన్న పరికరములలోని ప్రోగ్రాములు వ్రాయుటకు ఉపయోగపడు భాషలను సిస్టమ్స్ భాషలందురు. సి, సి++ భాషలు ఇట్టివి. రస్ట్ వానికంటె పిన్నది. గ్రేడన్ హోర్ అను నతఁడు దీనిని 2006లో సొంత పనిగా ప్రారంభించెను. 2009లో మొజిల్లా సంస్థ చేయూత నిచ్చెను. 2015 మే 15న 1.0 రూపము వెలువడెను. 2021 నుండి రస్ట్ ఫౌండేషన్ దీనికి అండగా నున్నది. పైరులకు పట్టు తుప్పు తెగులునకు కారణమైన శిలీంధ్రములను దృష్టిలో నుంచుకొని తానీ పేరు పెట్టితినని హోర్ చెప్పియున్నాఁడు.

ఒక సూత్రము, అనేక పదములు

ఇఁక అసలు సంగతికి వత్తము. ఒక పాఠశాల ప్రోగ్రాములో విద్యార్థి, ఉపాధ్యాయుఁడు, పుస్తకము, రుసుము ఇట్లు నలువది రకముల వస్తువులు ఉండవచ్చును. ప్రతిదానికిని వేఱువేఱుగా వరుసబెట్టు ప్రమేయములు వ్రాయుచు కూర్చున్నచో పనికి అంతముండదు. ఎచ్చటనో పొరపాటు దొరలును. అందుచే రకము మాఱినను మాఱని ప్రమేయము కావలెను. దీనినే జెనరిక్ ప్రమేయ మందురు.

వ్యాకరణము చదివిన మన పిల్లలకు ఇది సులభముగా బోధపడును. ‘వాఁడు, ఎవఁడు’ కలిసి ‘వాఁడెవఁడు’ అగుననియు, ‘మనము, ఉంటిమి’ కలిసి ‘మనముంటిమి’ యగుననియు ఒక్కొక్క జంటకు ఒక్కొక్క సూత్రము ఎవ్వరును వ్రాయలేదు. హ్రస్వమైన ఉకారము పూర్వమందుండి, అచ్చు పరమైనచో ఇట్లు జరుగునని ఒక్క సూత్రము చేసిరి. ఆ లక్షణము గల పదము ఏదైనను సూత్రము వర్తించును. లక్షణము లేనిచో వర్తింపదు. జెనరిక్ ప్రమేయమును ఇట్టి సూత్రమే.

రస్ట్ భాషలో ఇట్టి లక్షణమునకు ‘ట్రెయిట్’ అని పేరు. మనము ‘వరుసబెట్టదగినది’ అను ట్రెయిట్ ఒకటి ఏర్పఱుతుము. అందులో ఒకే ప్రమేయము — ‘నిన్ను నీవు బైట్లుగా ఈ వరుస చివర చేర్చుము’. పిదప ఈ క్రింది నియమములను వ్రాయుదుము.

1. ఒక బైటు సంఖ్య: ఆ బైటునే చేర్చవలెను.

2. రెండు బైట్ల సంఖ్య: చిన్న భాగమును ముందును, పెద్ద భాగమును తరువాతను చేర్చవలెను.

3. స్ట్రింగ్: ముందు దాని పొడవు ఎన్ని బైట్లో రెండు బైట్లలో వ్రాసి, పిదప అక్షరముల బైట్లను చేర్చవలెను. పొడవు 65,535 ను మించినచో తెగఁగోయక, పని సాగదని తెలుపవలెను.

4. పట్టిక: లోపలి వస్తువుల రకము ఏదైనను సరే, అది వరుసబెట్టదగినదైనచో, దాని పట్టికయు వరుసబెట్టదగినదే. ముందు ఎన్ని యున్నవో వ్రాసి, ఒక్కొక్కదానిని దాని నియమము ప్రకారము చేర్చవలెను. పట్టిక నిడివికిని మూఁడవ నియమములోని హద్దే వర్తించును.

5. ఉండవచ్చును, లేకపోవచ్చును అను వస్తువు: లేనిచో 0 అను బైటు, ఉన్నచో 1 అను బైటును, దాని వెనుక ఆ వస్తువును.

నాల్గవ, ఐదవ నియమములే ఇందు ప్రాణము. వానిలో ‘ఏ రకమైనను’ అని యున్నదిగాని రకము పేరు లేదు. కావున సంఖ్యల పట్టికకును, పేర్ల పట్టికకును, పట్టికల పట్టికకును ఇవియే చాలును. గణితములో మొదటి మెట్టు ఎక్కుటయు, ఒక మెట్టునుండి తరువాతి మెట్టు ఎక్కుటయు తెలిసినచో నిచ్చెన యంతయు ఎక్కవచ్చునని చెప్పు అనుగమన పద్ధతికి ఇది సరిపోలును.

ఎవరైన ఈ లక్షణము లేని రకమును ఈ ప్రమేయమునకు ఇచ్చినచో, ప్రోగ్రాము నడచుటకు పూర్వమే కంపైలరు తప్పని చెప్పి ఆపివేయును. సరియైనచో, ఒకే అచ్చుతో ఇటుకలు పోసినట్లు, వాడిన ఒక్కొక్క రకమునకు వేఱువేఱు యంత్రభాషా ప్రమేయమును కంపైలరే పోసి యిచ్చును. నడచునపుడు ‘ఇది ఏ రకము?’ అని విచారించు ఆలస్యముండదు. దీనికి మూల్యము లేకపోలేదు: కంపైలరు ఎక్కువసేపు శ్రమించును, ప్రోగ్రాము పరిమాణమును పెరుగును.

సీత వివరములు

సీత యను విద్యార్థిని 9వ తరగతి, క్రమసంఖ్య 300, ఆఱు విషయములలో మార్కులు 71, 64, 58, 80, 77, 69 అనుకొందము. రస్ట్ స్ట్రింగులు యుటిఎఫ్-8 అను పద్ధతిలో ఉండును. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిరి. అందులో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు. తెలుఁగు గుర్తు ఒక్కొక్కదానికి మూఁడు బైట్లు. ‘సీత’ కంటికి రెండక్షరములే, కాని యూనికోడ్ దృష్టిలో స, ఈకారపు గుడి, త అని మూఁడు గుర్తులు, బైట్లలో తొమ్మిది. ఇపుడు వరుస ఇట్లుండును:

పేరు పొడవు: 9, 0
స: 224, 176, 184
గుడి దీర్ఘము: 224, 177, 128
త: 224, 176, 164
తరగతి: 9
క్రమసంఖ్య: 44, 1
మార్కులు ఎన్ని: 6, 0
మార్కులు: 71, 64, 58, 80, 77, 69

మొత్తము 22 బైట్లు. దీనినే జేసన్ అను పద్ధతిలో మనుష్యులు చదువుటకు వీలుగా వ్రాసినచో ఇట్లుండును:

{"పేరు":"సీత","తరగతి":9,"క్రమసంఖ్య":300,"మార్కులు":[71,64,58,80,77,69]}

ఇది 129 బైట్లు. మొదటిది పొదుపైనది, కాని నియమము తెలియనివానికి అంకెల గుంపు. రెండవది విస్తారమైనది, కాని తన్ను తాను వివరించుకొనును. పనినిబట్టి ఎన్నుకొనవలెను.

నలువది, ఐదు

విద్యార్థి యను రకమునకు ‘పేరు, తరగతి, క్రమసంఖ్య, మార్కులు అను భాగములను ఈ వరుసను చేర్చుము’ అని వ్రాయుట విసుగు పుట్టించు పని. రస్ట్ భాషలో రకము నిర్వచనముపైన ‘డిరైవ్’ అను గుర్తుతో ఒక్క పంక్తి వ్రాసినచో, కంపైలు చేయు వేళనే భాగములను చదివి ఆ ప్రమేయమును వ్రాసి పెట్టు ఏర్పాటు కలదు. భాగము నొకదానిని మఱచుట యను పొరపాటు దీనితో తొలఁగును.

మఱియొక చిక్కు. నలువది రకముల వస్తువులను ఐదు పద్ధతులలో వ్రాయవలసినచో నలువది ఐదులు రెండువందల ప్రమేయములు కావలెనా? ‘సర్డీ’ అను గ్రంథాలయము ఈ చిక్కును చక్కగా విడఁదీసినది. ఎరిక్ ట్రిజెలార్ దీనిని ప్రారంభింపఁగా, డేవిడ్ టోల్నే అభివృద్ధి చేసెను. 2017 ఏప్రిల్‌లో దీని 1.0 రూపము వెలువడెను. ఇది నడుమ 29 మూలరూపములను నిలిపినది: సంఖ్యలు, అక్షరము, స్ట్రింగ్, పట్టిక మొదలగునవి. ప్రతి వస్తువును తాను ఏ మూలరూపముల కూర్పో చెప్పుకొనును. ప్రతి పద్ధతియు ఆ మూలరూపములను ఎట్లు వ్రాయవలెనో చెప్పును. అపుడు 40, 5 కలిసి 45 భాగములే చాలును. నాలుగు భాషలవారు కూడిన సంతలో ప్రతివాఁడును అన్ని భాషలు నేర్వక, అందఱికిని తెలిసిన యొక భాషలో బేరమాడుట వంటిది ఈ యేర్పాటు.

తిరిగి కూర్చునపుడు జాగ్రత్త

వ్రాయుటకంటె చదువుట కష్టము. వ్రాయునపుడు వస్తువు మనది. చదువునపుడు వచ్చిన బైట్లు ఎవరు పంపినవో తెలియదు. కాన తిరిగి కూర్చు ప్రమేయము ‘ఇదిగో వస్తువు’ అని గాని, ‘ఈ కారణముచే కుదరలేదు’ అని గాని, రెంటిలో ఒకటి చెప్పవలెను. రస్ట్‌లో ‘రిజల్ట్’ అను రకము ఈ రెండు జవాబులను పట్టియుంచును. రెండవ జవాబునకు దారి చూపకుండ లోపలి వస్తువును అందుకొనుటకు వీలుండదు.

2014 ఏప్రిల్ 7న వెల్లడియైన ‘హార్ట్‌బ్లీడ్’ లోపము ఇచ్చట స్మరణీయము. సి భాషలో వ్రాసిన ఓపెన్ఎస్ఎస్ఎల్ అను సాధనము, వచ్చిన సందేశము తన పొడవు ఇంత యని చెప్పఁగా ఆ మాటను నమ్మెను. కొద్ది బైట్లు పంపి, ఎక్కువ పొడవు చెప్పినవానికి, ఆ పొడవు నిండువఱకు ప్రక్కనున్న మెమరీని 64 కిలోబైట్ల వఱకు పంపివేసెను. అందులో ఇతరుల రహస్యపదములును ఉండవచ్చును. రస్ట్ భాషలోని మామూలు పద్ధతులలో హద్దు దాటి చదువుట సాగదు. అయినను ‘కోట్ల వస్తువులున్నవి’ అని అబద్ధము చెప్పు వరుసను నమ్మి ముందుగానే స్థలము కేటాయించినచో మెమరీ నిండిపోవును. చెప్పిన లెక్కను మిగిలిన బైట్లతో పోల్చి చూచుట మన బాధ్యతయే.

తెగిన పేరు

‘వెంకటేశ్వర్లు’ అను పేరును గమనింపుఁడు. ఆంగ్లమున వ్రాసినచో 13 అక్షరములు, 13 బైట్లు. తెలుఁగునను 13 గుర్తులే. కాని 39 బైట్లు. ‘పేరునకు 20 బైట్లు చాలును, మించినది కోసివేయుదము’ అని యొక ప్రోగ్రామరు నిర్ణయించెననుకొందము. ఆంగ్లపు పేరుతో పరీక్షించి చూచిన అతనికి లోపము కనఁబడనే కనఁబడదు. తెలుఁగు పేరు వచ్చినపుడు ఆఱు గుర్తులు, అనఁగా ‘వెంకటే’ వఱకు 18 బైట్లలో నిలుచును. ఏడవ గుర్తగు శకారము మూఁడు బైట్లలో రెండు మాత్రమే మిగిలి విఱిగిపోవును. రస్ట్‌లో బైట్లను స్ట్రింగుగా మార్చునపుడు యుటిఎఫ్-8 నియమము సరిగానున్నదో లేదో పరీక్షించు ప్రమేయము ఈ విఱిగిన బైట్లను ఒప్పుకొనదు. కాని కోత సరిగా గుర్తు చివరనే పడినచో ఆ పరీక్షయు పట్టలేదు. కాననే మూఁడవ నియమమున తెగఁగోయరాదని చెప్పితిమి.

ఈ కష్టము మనది మాత్రమే కాదు. కన్నడ, తమిళ, ఒడియా, దేవనాగరి గుర్తులకును యుటిఎఫ్-8 లో మూఁడేసి బైట్లు. మన పొరుగు పిల్లల పేర్లును ఇదే కోతకు గుఱి యగును. కావున మన పేరు నిలుపు ప్రోగ్రాము వారి పేరును నిలుపును.

మార్పు వచ్చినపుడు

వచ్చే యేఁడు విద్యార్థి వివరములలో ‘మాతృభాష’ యను భాగము చేర్చిరనుకొందము. మన 22 బైట్ల పద్ధతిలో భాగముల పేర్లు లేవు, స్థానమే గుర్తు. పాత ప్రోగ్రాము క్రొత్త వరుసను తప్పుగా చదువును. దీనికి ఉపాయము: ప్రతి వరుస మొదట ‘ఇది ఎన్నవ కూర్పు’ అను సంఖ్యను ఒక బైటులో వ్రాయుట. తెలియని సంఖ్య కనఁబడినచో, ఊహించి చదువక, ‘నాకు తెలియని కూర్పు’ అని ఆగిపోవలెను. పదియేండ్ల పిమ్మట పాత దస్తావేజులు తెఱచువారికి ఈ యొక్క బైటే దారి చూపును.

తలిదండ్రులకు మా మనవి యొకటి. కంప్యూటరులో పిల్లల పేరు నమోదు చేయించిననాఁడు ముద్రించిన కాగితమును అడిగి, చివరి అక్షరము వఱకు చదివి చూచుకొనుఁడు. తప్పు తోఁచినచో ఆనాఁడే దిద్దించుఁడు. మార్కుల పత్రము వచ్చిన పిమ్మట దిద్దించుట మిక్కిలి ప్రయాస.

విద్యార్థులకు ఒక అభ్యాసము. రస్ట్ కంపైలరు వెల లేకుండ లభించును. కాని ఈ అభ్యాసమునకు కాగితము, పెన్సిలు చాలును. మీ పేరును గుణింతపు గుర్తులు, ఒత్తులకు ముందుండు పొల్లులు, సున్నలు విడివిడిగా లెక్కించి వ్రాయుఁడు. ఆ సంఖ్యను మూఁటిచే గుణింపుఁడు. పేరు పొడవునకు రెండు బైట్లు కలుపుఁడు. తరగతికి ఒకటి, క్రమసంఖ్యకు రెండు, మార్కుల లెక్కకు రెండు, విషయమునకు ఒకటి చొప్పున మార్కులకు కలుపుఁడు. వచ్చిన మొత్తమును ప్రక్క విద్యార్థి మొత్తముతో పోల్చి, భేదము ఏ భాగమువలన వచ్చినదో చెప్పుఁడు.